ఇప్పకొమ్మ దాటిన మేడ

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి, అద్దెకు గది ఒక్కటే ఉండేది కాదు.

ఏరు ఉండేది. ఏటి ఒడ్డున ఇప్పచెట్ల బజారు ఉండేది. బజారు చివర ఒక బడి, ఆ బడికి ఒక మాస్టారు ఉండేవారు. ఆయన కొంగ. పేరు శేషావతారం. ఆయన ఒంటికాలి మీద నిలబడి పాఠం చెప్పేవారు, పిల్లల్ని ఒంటికాలి మీద నిలబెట్టి అప్పజెప్పించుకునేవారు. రెండు కాళ్లూ కింద పెడితే చదువు నేలలోకి ఇంకిపోతుందని ఆయన నమ్మకం. దాన్ని శిక్ష అని ఎవరైనా అంటే ఆశ్చర్యపోయేవారు. పుట్టి బుద్ధెరిగాక అంతకంటే సుఖంగా నిలబడడం ఆయనకు తెలియదు మరి.

ఆ బడిలో ఇంకో పద్ధతి కూడా ఉంది. మాస్టారి పట్టీలోకి పేరు ఎక్కిందంటే, అయిదో తరగతి గట్టెక్కేదాకా దిగదు. మూడు రోజులు వరసగా రాకపోతే తల్లిని పిలిపిస్తారు. పులి పిల్లకైనా పిల్లి పిల్లకైనా ఇదే పద్ధతి.

ఇంత గట్టి బడి కాబట్టి దూరదూరాల కొండల నుంచి పిల్లలు వచ్చి చేరేవారు. చేరడం సులువే. ఉండడమే కష్టం. బజారు చుట్టుపక్కల ఖాళీ బొరియలకీ తొర్రలకీ కొదవ లేదు. వాటి ఆసాములు అడిగే ప్రశ్నలకే జవాబులు దొరికేవి కావు.

"కొమ్ములున్నాయా? గోడలు గీరుకుపోతాయి, ఇవ్వం."

"తోక అంత పొడుగేమిటి? ఇవ్వం."

"పెళ్లయిందా? కాలేదా? అయితే ఇవ్వం. ఏమిటీ, అయిందా? అయితే ఇంకా చదువెందుకు?"

హిమబిందు అని ఒక ముళ్లపంది పిల్ల అయిదో తరగతిలో ఉండేది. ఒంటి ముల్లు పీకి ఆకు మీద రాసిందంటే ముత్యాలు పేర్చినట్టు ఉండేది దస్తూరీ. ఆ పిల్ల పదకొండు బొరియలు తిరిగింది. పన్నెండో బొరియ కుందేలమ్మ కాస్త జాలిగుండెది. "నీ ముళ్లన్నీ తీసి గుమ్మం బయట పెట్టి వస్తానంటే ఆలోచిస్తానమ్మా" అంది.

అందుకని పిల్లలంతా బజారు కొట్ల చూరుల కిందే పడుకునేవారు. పొద్దున లేవగానే వాళ్లకు దిక్కు పైడమ్మ.

పైడమ్మ ఉడుత. బజారు మొదట్లో, మొట్టమొదటి ఇప్పచెట్టు వేరు మీద ఆమె గింజల కొట్టు. కొట్టంటే కప్పూ లేదు, తలుపూ లేదు. నేల మీదికి పొడుచుకు వచ్చిన ఒక లావుపాటి వేరు, ఆ వేరు మీద పైడమ్మ, ఆమె ముందు వేయించిన గింజలు, ఎండు రేగుపళ్లు, ఇప్పపువ్వు ఉండలు. ఆమె తల్లీ అక్కడే కూర్చుంది, తల్లి తల్లీ అక్కడే కూర్చుంది. మూడు తరాలు కూర్చుని కూర్చుని ఆ వేరు ఉడుత ఒంటికి సరిపోయేటట్టు గుంటపడింది. ఇంకెక్కడ కూర్చున్నా పైడమ్మకు నడుం నొప్పే.

ఇలా ఉండగా అడవి పంచాయతీకి పిల్లల మీద దయ కలిగింది.

పంచాయతీ ప్రెసిడెంటు ఎలుగుబంటి జంబూరావు గారు. మనిషి చెడ్డవాడని నేననను. క్షమించాలి, ఎలుగుబంటి చెడ్డదని నేననను. తేనె ఎక్కడుంటే అక్కడికి ఆయన కాళ్లు వాటంతటవే వెళతాయి, అంతే. సెక్రటరీ తొండ తాతారావు. తాతారావుకు పుట్టుకతోనే తలాడించే అలవాటు. ఎవరేమన్నా తలాడిస్తాడు, ఎవరూ ఏమీ అనకపోయినా తలాడిస్తాడు. సెక్రటరీ పనికి ఇంతకు మించిన అర్హత ఏం కావాలని జంబూరావు గారే ఏరికోరి వేసుకున్నారు.

ఆ రోజు సభకు నెమలి పురుషోత్తం వచ్చాడు. వృత్తి కట్టడాలు. ఒక పెద్ద టేకు ఆకు మీద బొమ్మ గీయించి తెచ్చాడు. దాన్ని ముందు నిలబెట్టి వెనకాల తన పింఛం విప్పాడు. సభ అంతా "ఆహా" అంది. పింఛాన్ని అందరూ చూశారు, బొమ్మను ఎవరూ చూడలేదు.

"బజారు మొదట్లోనే ఏడంతస్తుల మేడ" అన్నాడు పురుషోత్తం. "కింద షాపులు, పైన విద్యార్థులకు గదులు. దీన్నే మిక్స్‌డ్ యూజ్ అంటారు."

"అంటే?" అంది వెనక వరసలో ఒక అడవిదున్న.

"పిల్లలు పైన చదువుకుంటారు, కిందికి దిగి కొనుక్కుంటారు."

"చదువుకునే పిల్లలు ఏం పెట్టి కొనుక్కుంటారు?"

"ఇలాంటి ప్రశ్నల వల్లే అడవి వెనకబడిపోయింది" అన్నాడు పురుషోత్తం. సభ అంతా దున్న వైపు తిరిగి చూసింది. దున్న సిగ్గుపడి గడ్డి నమలడం మొదలుపెట్టింది.

జంబూరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఏడంతస్తులంటే ఇప్పకొమ్మ దాటుతుంది కదయ్యా. బజారులో ఏ కట్టడమూ ఇప్పకొమ్మ దాటకూడదని తాతలనాటి కట్టుబాటు."

"ఆ కట్టుబాటు పూర్తిగా చదివారా?"

జంబూరావు గారికి చదవడం రాదు. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు, ఆయనకు మాత్రం అది రహస్యం.

"'విద్యార్థుల వసతికి తప్ప' అని చివర్లో ఉంది" అన్నాడు పురుషోత్తం. అని, ఆయన చెవి దగ్గరకు వంగి, "పై అంతస్తు నుంచి చూస్తే అడవిలో తేనెపట్టులన్నీ కనిపిస్తాయట" అని చిన్నగా చేర్చాడు.

ప్రెసిడెంటు గారికి పిల్లల కష్టాలు ఒక్కసారిగా కళ్లకు కట్టాయి. "పాపం, చూరుల కింద పడుకుంటున్నారయ్యా" అని కళ్లొత్తుకున్నారు. తాతారావు తలాడించాడు. 'సభ ఏకగ్రీవంగా తలూపినది' అని రాసుకున్నాడు.

అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలని నోటీసు కూడా వేశారు. చట్టం ప్రకారం అందరూ తిరిగే చోట అంటించాలి కాబట్టి గబ్బిలాల గుహ పైకప్పుకు అంటించారు. గబ్బిలాలు వేలాడుతూ దాన్ని చక్కగా చదువుకున్నాయి. వాటికి ఏ అభ్యంతరమూ లేదు.

పైడమ్మకు సంగతి తెలిసింది వడ్రంగిపిట్టలు వచ్చి ఆమె చెట్టు చుట్టూ ముగ్గు పోస్తున్నప్పుడు. పరుగున తాతారావు దగ్గరకు పోయింది.

"నా చోటో, బాబూ?"

"నీ చోటు నీదేనమ్మా. మేడ కింద వరసలో నీకే మొదటి షాపు, గాజు తలుపుతో సహా. కట్టడం అయ్యేదాకా వెనకాల ముళ్లపొదలో సర్దుకో."

"నిజంగా ఇస్తారా?"

తాతారావు తలాడించాడు. ఉడుత ఒట్టి అమాయకురాలు. అది మాట ఇవ్వడం అనుకుంది.

మేడ లేచింది. చెదపురుగులు మట్టి మోశాయి, గిజిగాళ్లు గోడలు అల్లాయి, వడ్రంగిపిట్టలు కిటికీలు తొలిచాయి. ప్రారంభోత్సవం నాడు పూలతీగ కట్టి, జంబూరావు గారు దాన్ని పళ్లతో కొరికి తెంచారు. "ఈ మేడ నాది కాదు, ఈ అడవి బిడ్డలది" అన్నారు. ఆ మాటకు చూరుల కింది నుంచి వచ్చిన పిల్లలే అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పిల్లలు మూటలు నెత్తిన పెట్టుకుని గదుల కోసం వెళ్లారు. గదికి నెలకో నిండు తేనెపట్టు అన్నాడు పురుషోత్తం.

"మా దగ్గర ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకుల మూటలే ఉన్నాయండీ" అంది హిమబిందు.

"మరి ఇక్కడికెందుకు వచ్చారమ్మా?"

"విద్యార్థుల కోసం కట్టారని..."

"విద్యార్థుల కోసమే. మీలాంటి విద్యార్థుల కోసం అన్నామా?"

పైడమ్మ కూడా వెళ్లింది. ఆమె వేరు ఉన్న చోట ఇప్పుడు నున్నటి రాతి నేల. దాని మీద పునుగుపిల్లి అత్తరు షాపు. గింజలు వేయిస్తే పొగ వస్తుందనీ, పొగ వస్తే అత్తరు పాడవుతుందనీ, మొత్తం మీద వేయించిన గింజలు మేడ అంతస్తుకు తగవనీ పురుషోత్తం ఓపిగ్గా వివరించాడు. పైడమ్మ గాజు తలుపు మీద తన నీడ చూసుకుని, తోక సవరించుకుని, ముళ్లపొదకు తిరిగి వచ్చేసింది. ఆ రోజు ఆమె గింజలన్నీ మాడ్చేసింది.

గదులు ఖాళీగా ఉంటే కళ తప్పుతుంది కదా. పై మూడు అంతస్తుల్లో ప్రెసిడెంటు గారి బావమరుదులు దిగారు. తాతారావు ఎండ తగిలే అరుగున్న గది తీసుకున్నాడు. పురుషోత్తం ఒక గది తనకీ, ఒక గది తన పింఛానికీ ఉంచుకున్నాడు. అన్నిటికన్నా పైన ఆరు గదుల మధ్య గోడలు కొట్టించి, ఒకే గది చేసి, అందులో జంబూరావు గారు చాప పరిచారు. తేనెపట్టులు నిజంగానే కనిపించేవి.

పిల్లలు మళ్లీ చూరుల కిందికి పోదామంటే ఆ చూరులు మేడలో కలిసిపోయాయి. వాళ్లూ ముళ్లపొదకే చేరారు. హిమబిందుకు ముళ్లు కొత్త కాదు గానీ తక్కిన పిల్లలకు ఒళ్లంతా గీతలే.

ఒక సాయంత్రం ఏటికి వెళ్లబోతున్న ఆ పిల్లను పైడమ్మ ఆపింది.

"నీకు రాత వచ్చు కదే. ఏనుగుల కచేరీకి ఓ అర్జీ రాసిపెట్టు."

"ఏం రాయమంటావత్తా?"

"నానేటీ తిట్టను. ఎవులి మీదా సెప్పను. పిల్లల కోసరమని కట్టిన మేడలో పిల్లలెంతమంది ఉన్నారో ఓపాలి లెక్కెట్టి సూడండి బాబూ అని రాయి. నా వేరు నాకిప్పించండని అడుగున రాయి."

హిమబిందు ఒక ముల్లు పీకి రాసింది. టపా మోసే బాతు దాన్ని పట్టుకుపోయింది.

పంచాయతీల మీద పెత్తనం చేస్తూ రెండు కొండల అవతల ఉండే ఏనుగుల కచేరీ నుంచి వారానికి జవాబు వచ్చింది, పంచాయతీ పేరున. తాతారావు చదువుతుంటే జంబూరావు గారికి కళ్లు బైర్లు కమ్మాయి. 'ఇప్పకొమ్మ దాటిన మూడు అంతస్తుల్లో ఉన్నవారందరూ విద్యార్థులే అని బడిపట్టీతో సహా రుజువు చేయవలెను. కానిచో ఆ అంతస్తులు ఏనుగులచే పడగొట్టబడును. తనిఖీకి మా కూర్మయ్య బయల్దేరినాడు.'

కూర్మయ్య తాబేలు.

"తాబేలయితే చాలా రోజులు పడుతుంది" అని ఊరట పడ్డారు జంబూరావు గారు. "ఈలోగా ఏం చేద్దాం?"

"గదులు పిల్లలకిచ్చేద్దామా?" అని ఒక బావమరిది అన్నాడు. మిగతా బావమరుదులు వాణ్ని బయటికి పంపేశారు.

"పిల్లల్ని గదుల్లోకి తేవడం కంటే, గదుల్లో ఉన్నవాళ్లని పట్టీలోకి ఎక్కించడం సులువు" అన్నాడు పురుషోత్తం.

ఆ పూటే అందరూ కలిసి బడికి వెళ్లారు. శేషావతారం మాస్టారు లోకం పోకడ తెలియని కొంగ. తాము చదువుకుంటామని ప్రెసిడెంటు గారు అనగానే ఆయన కళ్లు చెమర్చాయి. "చదువుకు వయసేమిటండీ!" అని, స్వహస్తాలతో పట్టీలో రాసుకున్నారు. 'ఎలుగు జంబూరావు, ఒకటో తరగతి. తల్లి పేరు, అప్పలనరసమ్మ.' కింద పురుషోత్తం, తాతారావు, బావమరుదులు.

"బడి పొద్దు పొడుపుకే" అన్నారు మాస్టారు.

"అలాగలాగే" అని నవ్వుకుంటూ మేడెక్కేశారు.

మర్నాడు పొద్దు పొడుపుకి వాళ్లు రాలేదు. పాపం పెద్దవాళ్లు, నడవలేరేమోనని మాస్టారే పట్టీ ముక్కున కరుచుకుని మేడ దగ్గరకు వచ్చారు. గంట కొట్టారు. బజారంతా పోగయింది.

"జంబూరావు!"

పైనుంచి గురక వినిపించింది.

"జంబూరావు రాలేదు" అని మాస్టారు గట్టిగా చదువుతూ రాసుకోబోయారు. రాలేదని పట్టీలో పడితే కూర్మయ్య చూస్తాడని పురుషోత్తానికి తట్టింది. ప్రెసిడెంటు గారిని తట్టిలేపి లాక్కొచ్చాడు.

"ఏ కాలయినా ఫరవాలేదు, ఒకటి ఎత్తండి" అన్నారు మాస్టారు.

జంబూరావు గారు ఒక కాలు ఎత్తారు. స్తంభం పట్టుకున్నారు. మేడ కిర్రుమంది. పురుషోత్తం కాలెత్తాడు గానీ పింఛం బరువుకి వెనక్కి వెనక్కి పోయేవాడు. తాతారావుకి నాలుగు కాళ్లు కాబట్టి మూడెత్తమన్నారు. బజారులో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేనివాళ్లు ముళ్లపొద వెనక్కి పోయి నవ్వుకున్నారు.

అప్పటి నుంచి రోజూ ఇదే వరస. పొద్దున ఎక్కాలు, మధ్యాహ్నం పంచాయతీ, సాయంత్రం ఇసుకలో అక్షరాలు దిద్దడం. తీర్మానాల మీద సంతకం పెట్టాల్సిన చెయ్యి 'అ ఆ'లు దిద్ది దిద్ది వాచిపోయింది. రోజూ ఒక బావమరిది ఏటి రేవుకి పోయి వచ్చేవాడు.

"కూర్మయ్య ఎక్కడిదాకా వచ్చాడ్రా?"

"నిన్నటి రాయి దగ్గరే ఉన్నాడు బావా. తల లోపల పెట్టుకుని ఆలోచిస్తున్నాడు."

ఇరవై రోజులు అలా గడిచాక జంబూరావు గారికి ఒళ్లు మండింది. "నేను ప్రెసిడెంటునయ్యా! నాకు ఎక్కాలేమిటి?" అని దుప్పటి ముసుగేశారు. మొదటి రోజు ఒంట్లో బాగాలేదన్నారు. రెండో రోజు మీటింగు అన్నారు. మూడో రోజు ఏమీ అనలేదు.

మాస్టారు పద్ధతి తప్పే మనిషి కాదు. అప్పలనరసమ్మ గారికి కబురు వెళ్లింది.

అప్పలనరసమ్మ పైకొండ మీద ఒంటరిగా ఉండే ముసలి ఎలుగు. కబురు అందగానే కర్ర పట్టుకుని బయల్దేరింది. రెండు రోజులు నడిచి బజారు చేరేసరికి ఆకలి కరకరలాడుతోంది. అత్తరు షాపులో తినడానికి ఏమీ దొరకలేదు. ఎక్కడో గింజలు వేగుతున్న వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకుని ముళ్లపొదలోకి వచ్చింది.

"ఏటమ్మా, తినడానికేటైనా ఉందా?"

"కూకో పెద్దమ్మా" అంది పైడమ్మ. "ముళ్లు సూసుకుని కూకో."

ముసలావిడ చుట్టూ చూసింది. పుస్తకాల ఆకులు ఒళ్లో పెట్టుకుని గాయాలకు పసరు రాసుకుంటున్న పిల్లల్ని చూసింది. "ఈ ముళ్లల్లో కొట్టెట్టినావేటే తల్లీ?"

"సరదాకేటి పెద్దమ్మా! మూడు తరాల నుంచీ బజారు మొదట్లో మా వేరు మీద ఉండేవోలం. పెసిడెంటు గోరు పిల్లలకి మేడ కడతానని నన్ను లేపేసినాడు. కట్టినాక పిల్లల్నీ రానియ్యనేదు. ఆయనే ఉంటన్నాడు."

"ఎవులా పెసిడెంటు?"

వెనకనుంచి హిమబిందు కళ్లతో సైగలు చేస్తోంది. బడిపట్టీలో తల్లి పేరు ఆ పిల్ల చూసింది, మాస్టారి కబురు సంగతీ విన్నది. పైడమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది.

"ఉన్నాడ్లే, జంబూరావని. కన్నతల్లి ఎవులో గానీ, ఇప్పసారా తాగి కనేసుంటాది."

ముసలావిడ నోట్లో గింజ నమలడం ఆపింది. కాసేపటికి మింగింది.

"ఆ తల్లిని నాను ఎరుగుదును" అంది. "తాగలేదే అమ్మీ. కాసింత గారాం ఎక్కువ సేసింది."

పైడమ్మ వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూసింది, ఆ ముక్కు చూసింది, ఆ ఒత్తయిన కనుబొమ్మలు చూసింది. చేతిలో గరిట జారిపోయింది.

"భయపడకే. ఇంకో పిడికెడు ఎట్టు" అంది అప్పలనరసమ్మ. తిని, చేతులు దులుపుకుని, కర్ర తీసుకుని లేచింది. పిల్లలంతా వెనక నడిచారు.

తల్లికి కబురు వెళ్లిందని ఆ పొద్దున్నే తెలిసి, జంబూరావు గారు హడావుడిగా క్లాసుకు దిగి, స్తంభం పట్టుకుని ఒంటికాలి మీద ఉన్నారు. తల్లిని చూడగానే రెండో కాలు నేల మీద పెట్టేశారు.

"ఆ కాలు ఎత్తండి" అన్నారు మాస్టారు.

"అమ్మా... నువ్వెందుకమ్మా ఇంత దూరం..."

"మాస్టారు రమ్మన్నార్రా. మూడ్రోజులు బడి ఎగ్గొట్టినావంట." ఆవిడ అరుగు మీద కూలబడింది. ఒగురుస్తోంది. "సిన్నప్పుడు నిన్ను బడికి పంపనేకపోయినాను. ఆ దిగులు నాకు ఇన్నాళ్లూ ఉండిపోయింది. నువ్వు బళ్లో సేరినావని కబురు రాగానే, దారెమ్మట కనపడినోడికల్లా నా కొడుకు సదువుకుంటన్నాడని సెప్పుకుంటా వచ్చినాను. తీరా ఇక్కడ సూస్తే ఇదా?"

జంబూరావు గారు తల వంచుకున్నారు. ఇన్ని సభల్లో ఇన్ని మాటలు పడ్డా ఎన్నడూ వంచని తల అది.

"సరే, ఏడో ఎక్కం సెప్పు."

"ఏడు ఒకట్ల ఏడు" అన్నారు ప్రెసిడెంటు గారు. "ఏడు రెళ్లు..." ఓరకంట తాతారావు వైపు చూశారు. "పన్నెండా?"

తాతారావు తలాడించాడు.

"పన్నెండు!"

ముళ్లపొద పిల్లల్లో చిన్న కలకలం రేగింది. ఒకటో తరగతి చెవులపిల్లి ఉండబట్టలేక "పధ్నాలుగు" అనేసింది. ఇన్నేళ్లూ తాతారావు తల ఊపును నమ్ముకుని ఎన్ని తీర్మానాలు చేశారో జంబూరావు గారికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఆయన మొహం వాడిపోయింది.

"నీ గది సూపించు" అంది తల్లి.

ఏడంతస్తులూ ఎక్కింది. గది మధ్యలో నిలబడి, కొట్టేసిన గోడల గుర్తులు లెక్కపెట్టింది. "ఇది ఎంతమంది పిల్లల గదే?" అని వెనక వచ్చిన హిమబిందును అడిగింది.

"ఆరుగురిది మామ్మా."

"నువ్వొక్కడివీ ఆరుగురివేట్రా?"

"అమ్మా, నేను ప్రెసిడెంటుని..."

"ఎక్కడుంటే ఏటి, ఇంట్లో ఉంటే పెసిడెంటువి కాకుండా పోతావా? నీ పాత గుహ ఉంది కదా. పద. నీకు ఎక్కాలు వొచ్చేదాకా నానూ నీ కాడే ఉంటాను." ఆవిడ చాప చుట్టి చంకన పెట్టుకుంది. కొడుకు చెవి పట్టుకుంది. అడవి ప్రెసిడెంటు ఏడంతస్తులూ అలాగే దిగి వచ్చారు.

ప్రెసిడెంటే దిగాక బావమరుదులు ఎందుకుంటారు? సాయంత్రానికి మూడంతస్తులూ ఖాళీ. రేవు నుంచి కబురు వచ్చింది, కూర్మయ్య ఏరు దాటేశాడని.

పురుషోత్తం ముళ్లపొదలోకి పరిగెత్తుకొచ్చాడు. పింఛం ముళ్లకు చిక్కుకుంది. చిక్కుకున్నా లెక్కచేయకుండా హిమబిందు ముందు నిలబడ్డాడు.

"అమ్మా హిమబిందూ, మీరంతా వెంటనే గదుల్లో దిగాలమ్మా."

"మాలాంటి విద్యార్థులా?"

"మీలాంటి వాళ్లే కావాలమ్మా! అచ్చంగా మీలాంటి వాళ్లే!"

"మేం ఇచ్చుకోగలిగిందే ఇస్తాం. అది కూడా పైడమ్మత్త మొదటి చోటులో కూర్చుంటేనే."

"అలాగే. గాజు తలుపు పెద్దది పెట్టిస్తాను."

పైడమ్మ అడ్డొచ్చింది. "తలుపేటీ వొద్దు. షాపూ వొద్దు. నా వేరు నాకివ్వు."

పునుగుపిల్లి అత్తరు సీసాలు పైకి సర్దుకుంది. వడ్రంగిపిట్టలు రాతి నేల పగలగొట్టాయి. వెలుగు తగలక వేరు పాలిపోయి ఉంది, కానీ బతికే ఉంది. పైడమ్మ దాని మీది మట్టి తోకతో తుడిచి, మెల్లగా కూర్చుంది. ఒళ్లు సరిగ్గా ఆ గుంటలో ఒదిగింది. ఆమె బావురుమని ఏడ్చేసింది. ఏడుస్తూనే, "ఏటలా సూస్తారు, పొయ్యెలిగించండి!" అని పిల్లల్ని కసిరింది.

రెండు రోజులకు కూర్మయ్య బజారు చేరాడు. గది గదికీ తిరిగి పిల్లల్ని లెక్కపెట్టాడు. పట్టీ తెరిచి చూశాడు. అందులో 'ఎలుగు జంబూరావు, ఒకటో తరగతి' అని ఉంది. అయిదు గట్టెక్కనిదే మాస్టారు పేరు కొట్టెయ్యరుగా.

"ప్రెసిడెంటు గారు కూడా చదువుతున్నారా?"

"రోజూ వస్తున్నారండీ. ఈ మధ్య ఒక్క పూట కూడా మానడం లేదు" అన్నారు మాస్టారు గర్వంగా. నిజమే. ఇంట్లో అప్పలనరసమ్మ ఉంది.

కూర్మయ్య ఎంతో చలించిపోయాడు. తల లోపల పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, కచేరీకి నివేదిక పంపాడు. అక్కడి నుంచి జంబూరావు గారికి 'విద్యాబంధు' బిరుదు వచ్చింది. పిల్లలకు మేడ కట్టించి, తాను మాత్రం గుహలో ఉంటూ, ముసలితల్లిని చూసుకుంటూ, పిల్లలతో పాటు బడికి పోతున్న ఏకైక ప్రెసిడెంటు అని ఏనుగులు స్వయంగా తొండమెత్తి పొగిడాయి.

సన్మానం బజారు మొదట్లోనే పెట్టారు. బిరుదు పత్రం ఆయన్నే చదవమన్నారు. జంబూరావు గారు అలవాటు కొద్దీ ఒక కాలెత్తి, వేలు పెట్టి, చెమటలు కక్కుతూ చదవసాగారు. "వి... ద్యా... బం..." దగ్గర ఆగిపోయారు. తాతారావు తలాడించాడు గానీ ఆయన ఇప్పుడు అటు చూడడం లేదు. తల్లి వైపు చూస్తున్నారు.

"పర్లేదు బాబూ, శానా దూరం సదివినావు" అంది పైడమ్మ తన వేరు మీది నుంచి. "రా, ఈ గింజలు తిను. మిగతాది రేపు సదువుదువుగాని."

నీతి: పిల్లల పేరు చెప్పి మేడ కట్టుకోవడంలో తప్పేమీ లేదు, కాకపోతే కట్టే ముందే ఎక్కాలు వచ్చి ఉండాలి.